బోర్లా పెట్టిన రాయి

మా నాయన బుద్ధుడి రాతి మీద కూర్చుని ఇరవై ఏళ్లు చీరలు నేశాడు. ఆయనకు ముందు మా తాత నేశాడు. ఈ మాట చెబితే చదువుకున్నవాళ్లు నొచ్చుకుంటారు. "అయ్యో పాపం, తెలియక" అని మా తరఫున వాళ్లే క్షమాపణ చెప్పేస్తారు. నొచ్చుకోనీ. మేం తెలియక కూర్చోలేదు. ఎందుకు కూర్చున్నామో, ఆ రాయి ఇల్లు కదలకుండా మా అవ్వ ఒక సర్కారు ఆఫీసరును రెండేళ్లు ఎట్లా తిప్పుకుందో చెప్పాలనే ఇది రాస్తున్నాను.

మా ఊరు కడప జిల్లాలో, చెయ్యేటి ఒడ్డున. ఏరని పేరే గానీ ఏడాదిలో పది నెలలు అది ఇసుకే. ఊరికి తూర్పున గట్టు మీద పెద్ద దిబ్బ ఒకటుంది. ఇటికెల దిబ్బ అనేవాళ్లం. ఎక్కడ గడ్డపార వేసినా ఇటుకలే, ఒక్కొక్కటి మూరెడు పొడుగు. మా వీధిలో సగం గోడలు, రెండు బావులు ఆ ఇటుకలతో కట్టినవే. దొంగతనం అంటారా? కట్టినవాళ్లు వదిలేసి పోయి ఎన్ని వందల ఏళ్లయిందో ఎవరికీ తెలియదు. వానకు కరిగి ఏట్లో కలిసే ఇటుక నా ఇంటి గోడలో నిలబడితే ఎవరి సొమ్ము పోయింది?

దిబ్బ మీద ఇటుకలే కాదు, బొమ్మలు చెక్కిన తెల్లరాళ్లు కూడా ఉండేవట. నేను పుట్టేసరికి ఒక్కటీ లేదు. ఆ రాయి కాలిస్తే సున్నం బాగా వస్తుందని ఎవరో కనిపెట్టారు. బట్టీ పెట్టి బండ్లకు బండ్లు కాల్చారు. ఆ సున్నంతో చుట్టుపక్కల ఊళ్లలో పెద్దవాళ్లు మిద్దెలు కట్టుకున్నారు. మా అవ్వ కాపురానికి వచ్చిన కొత్తలో ఆ పొగ చూసింది. కాల్చగా మిగిలిన రాళ్లను ఎవరో దొర "భద్రం చేస్తా" అని రెండు బండ్లమీద కచేరీకి తోలించాడు. వాటిలో ఒకటి కచేరీ గుమ్మం ముందు మెట్టయింది. దాని మీద ఏనుగు చెక్కి ఉండేదట. ఆ ఏనుగు కుంభస్థలం మీద బంట్రోతులు చెప్పుల బురద రుద్దేవాళ్లు. పన్ను కట్టడానికి తాతతో పోయినప్పుడు మా అవ్వ అది కళ్లారా చూసి వచ్చింది. తక్కిన రాళ్లు ఏమయ్యాయో అడిగిన నాథుడు లేడు.

మొత్తం దిబ్బలో మిగిలిన చెక్కుడు రాయి ఒక్కటే. అది మా ఇంట్లో ఉంది.

మాది గుంత మగ్గం. నేసేవాడు గుంత అంచున కూర్చుని, కాళ్లు లోపలికి జారవిడిచి, అడుగున ఉన్న చెక్కలు తొక్కుతూ నేస్తాడు. ఆ కూర్చునే అంచున మా ముత్తాత ఈ రాయి పరిచాడు. మనిషి పొడుగు, జానెడు మందం. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం కూడా చల్లగా ఉండేది. బొమ్మలున్న ముఖం కిందికి, నున్నటి వీపు పైకి పెట్టారు. బొమ్మ చెక్కిన రాయి ఎవరి దేవుడిదైనా సరే, దాని ముఖం మీద కూర్చోరాదని మా వాళ్ల నియమం. బోర్లా పెడితే దోషం లేదు. "బిడ్డలు తాత వీపెక్కి ఆడుకోరా? అంతే" అనేది అవ్వ. ఊరికే మట్టిలో బోర్లించలేదు కూడా. కింద జల్లెడ పట్టిన ఏటి ఇసుక పోసి, దాని మీద ఇంట్లో నేసిన బట్ట పరిచి, అప్పుడు దించారట. ఆ పని చేసిన మనిషికి తెలియదంటే నేను ఒప్పుకోను.

రాతి ముఖం ఎట్లా ఉంటుందో మా ఇంట్లో బతికున్నవాళ్లెవరూ చూడలేదు. గుంతలోకి దిగితే మాత్రం, రాతి అంచు మీద సగం పువ్వు చేతికి తగిలేది. చిన్నప్పుడు కింద పడ్డ నూలు కండె తీయడానికి దిగినప్పుడల్లా ఆ రేకుల మీద వేలు పోనిచ్చేదాన్ని. మిగతా సగం పువ్వు రాతి కిందికి పోయేది. అది చూడాలని నాకు పిచ్చి ఆశ. పెద్దమనిషినయ్యాక ఆ సగం కూడా పోయింది, ఎందుకంటే ఈడొచ్చిన ఆడపిల్ల గుంతలో దిగరాదని మా వీధి కట్టుబాటు. నూలు తోడేది ఆడది, గంజి కాచేది ఆడది, కండెలు చుట్టేది ఆడది, నిలువు పోగుల పడుగు అతికేది ఆడది. అడ్డపోగు వేసే నాడె విసిరేది మాత్రం మగవాడు. ఎందుకని అడిగితే "అది అంతే" అనేవాళ్లు. ఆ జవాబు వింటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

కర్నూలు రాజధాని అయిన ఏడాదికి, పాత రాళ్లు వెతికే సర్కారు ఆఫీసరు వచ్చాడు. మన సీమకు రాజధాని వచ్చిందని ఊరూరా సంబరపడ్డారు గానీ, ఆ రాజధాని నుంచి మా గడప తొక్కిన మొదటి మనిషి మా రాయి కోసమే తొక్కాడు. బక్కపలచటి మనిషి, కోస్తా వైపు మాట, మర్యాదస్తుడు. దిబ్బ చూసి, మా గోడల్లో ఇటుకలు చూసి, తలవంచుకుని మగ్గం ఇంట్లోకి వచ్చి, గుంతలోకి లాంతరు దించి ఆ సగం పువ్వు చూశాడు. 

"మామ్మగారూ, ఇది బౌద్ధుల స్తూపం తాలూకు రాయి. రెండు వేల ఏళ్ల నాడు ఇక్కడికి ఎక్కడెక్కడి నుంచో యాత్రికులు వచ్చేవారు. ఇలాంటి దాని మీద కూర్చోవడం మహాపచారం. దీన్ని ప్రభుత్వం స్వాధీనం చేసుకుంటుంది" అన్నాడు.

అవ్వ చేస్తున్న పని ఆపలేదు. "అపచారమా? ముఖం కిందికి పెట్టి, దినామూ మొక్కి కూచుంటాండాం. మీ కచేరీ మెట్టు మీద ఏనుగుకు ముఖం పైకే ఉండాది. ఆడ ఎవరు మొక్కుతాండారప్పా?"

ఆయనకు ఆ మెట్టు సంగతి తెలియదు. తెలియదని ఒప్పుకున్నాడు కూడా. కానీ ఉత్తర్వు ఉంది, మంది మార్బలంతో వచ్చి ఎత్తించుకుపోతానన్నాడు. నేసిన బట్ట చుట్టుకునే దోనెను మోసే గుంజలు రెండూ ఆ రాతికి ఆనించి పాతినవే. రాయి కదిలితే గుంజలు కదులుతాయి, పడుగు చెదురుతుంది. ఆ మాట చెప్పాల్సింది నాయనే. మా నాయనకు నూలుతో తప్ప మనుషులతో మాట్లాడటం చేతకాదు.

అవ్వ లేచి నిలబడింది. "చూడప్పా. పడుగు మీద ఉండంగా మగ్గం కదిలిస్తే మాకు అరిష్టం. మాటిస్తాండా, విను. ఈ మగ్గం ఖాళీ అయిన దినం ఆ రాయి నీది. ఎవరూ అడ్డం రారు. అంతవరకు తాకొద్దు."

"ఈ పడుగు ఎన్నాళ్లు వస్తుంది?"

"నాలుగు చీరలు. నెల దినాలు."

ఆయన సంతోషంగా నోటుబుక్కులో రాసుకున్నాడు. అవ్వ వేలిముద్ర వేసింది. నెలకు వస్తానని దండం పెట్టి పోయాడు.

నేతపని తెలిసిన ఎవరైనా ఆ కాగితం చూస్తే పడీపడీ నవ్వుతారు. మగ్గం ఖాళీ కాదు. పడుగు చివరికి వస్తుండగానే, మిగిలిన ఆ కొసలకు కొత్త పడుగు పోగులు ఒక్కొక్కటే అతికేస్తాం. పాత పోగు కొత్త పోగును లాక్కుంటూ ముందుకు పోతుంది. మా తాత పెట్టిన పడుగు కొసకే మా నాయన పడుగు అతికారు. మగ్గం ఖాళీ అయిందంటే ఆ ఇంట్లో మగవాడు పోయాడనో, ఇల్లు నాశనమైందనో అర్థం. మా వీధిలో ఆడవాళ్లు కొట్లాడుకుంటే "నీ మగ్గం ఖాళీగాను" అని మెటికలు విరిచేవాళ్లు. అవ్వ అబద్ధం చెప్పలేదు. ఆయన అడగాల్సింది అడగలేదు, అంతే.

అవ్వకు చూపు మందగించింది కాబట్టి అతికే పని నాది. పిడకల బూడిద వేళ్లకు అద్దుకుని, పాత కొస, కొత్త కొస బొటనవేలి కింద పెట్టి ఒక్క మెలి, ఒక్క మడత. రెండు వేలకు పైగా పోగులు, రెండు దినాల పని. పద్నాలుగేళ్ల దాన్ని. ఆ నెల అతుకుతున్నప్పుడు మొదటిసారి నాకు తెలిసింది, ఈ రాయి ఉండటమా పోవడమా నా రెండు వేళ్ల మధ్య ఉందని. అతకకుండా లేచిపోతే రాయి లేస్తుంది, నేను చూస్తాను. చూసిన మరుక్షణం అది బండెక్కుతుంది. రెండు దినాలూ ఆ ఆలోచనతోనే అతికాను. ఒక్క పోగూ వదల్లేదు.

ఆఫీసరు రెండోసారి వచ్చి మగ్గం చూశాడు. మెలికలు మెలికలుగా అతుకులు కనబడుతున్నాయి. అర్థమయ్యేసరికి ముఖం ఎర్రబడింది.

"ఇది మోసం మామ్మగారూ!"

"ఏం మోసం? ఖాళీ అయిన దినం అంటిని. ఖాళీ అయిందా? నువ్వే చూడు."

చట్టం అన్నాడు, పోలీసులు అన్నాడు. అవ్వ గుంత పక్కన కాళ్లు బారచాపి కూర్చుంది. "పిల్చకరా. ముసల్దాన్ని ఎత్తి పక్కన పెట్టి, పడుగు కోసి, ఎత్తుకుపో. కోసేటప్పుడు మాత్రం నువ్వే కొయ్యి. బంట్రోతుకు చెప్పొద్దు."

ఆయన కత్తి పట్టే మనిషి కాదు. వెళ్లిపోయాడు. సాయంత్రం వీధి పెద్దలు వచ్చి "సర్కారుతో ఎందుకమ్మా మనకు" అని చెవిలో ఇల్లు కట్టుకుని పోరారు. వాళ్లందరి ఇళ్ల గోడల్లోనూ దిబ్బ ఇటుకలున్నాయి, అదీ వాళ్ల భయం. అవ్వ ఒకటే మాట అంది. "కాల్చినోళ్లను ఎవురూ అడగల్యా. దాచినోళ్లను అడుగుతాండారు. అదెట్ల న్యాయం?"  

ఆయన మధ్యలో ఒకటి రెండు సార్లు వచ్చి, గుమ్మంలోంచే మగ్గం చూసి పోయాడు. మళ్లీ గట్టిగా వచ్చేటప్పటికి రాజధాని హైదరాబాదుకు పోయింది. ఈసారి రాయి హైదరాబాదుకు పోవాలట. అవ్వ పకపకా నవ్వింది.

"మొన్న కర్నూలంటివి. ఆడ మీ కచేరీలే గుడారాల్లో ఉండాయంటిరి. ఇప్పుడు హైదరాబాదంటాండావు. మీ కచేరీకే ఒక చోటు ల్యా, నా రాయికి యాడ చోటు పెడ్తావప్పా?"

చిత్రంగా ఆయన కూడా నవ్వాడు. చాలా అలిసిపోయి ఉన్నాడు. మజ్జిగ ఇస్తే తాగి, వసారాలో చతికిలబడి, మెల్లగా అన్నాడు. "మామ్మగారూ, నేను తీసుకుపోను. ఒక్కసారి తిరగేసి చూపించండి. గీసుకుని పోతాను. ఇంకో ఏడాదికి నేను ఎక్కడుంటానో నాకే తెలియదు."

అవ్వ ఒప్పుకునేది కాదు. నేనే లోపలికి పోయి ఆమె కాళ్లు పట్టుకున్నాను. "అవ్వా, ఒక్కసారి. నీ కండ్లు కూడా ఇంకా కొంచెం కనబడతాండాయి గదా." నా చేజేతులా రెండేళ్లు కాపాడిన దాన్ని నేనే బయటికి తీయించాను. ఈ తప్పు నాది. దాచుకోను.

నాయన పడుగు తాళ్లు వదులు చేసి, తెంచకుండా చుట్టగా చుట్టి దూలానికి కట్టాడు. గుంజలు పీకాడు. వీధిలోంచి నలుగురు మగవాళ్లు వచ్చారు. గునపాలు వేసి, రాయిని వెనక్కి జరిపి, నిలబెట్టి, గోడకు ఆనించారు. ఇసుక పొరలు పొరలుగా రాలిపోయింది. అవ్వ తడిగుడ్డతో తుడిచింది.

 పైన చెట్టు, ఆకు ఆకూ విడివిడిగా ఉంది. చెట్టు కింద పీట ఒకటి, దాని ముందు రెండు పాదాల గుర్తులు. పీటకు రెండు పక్కలా ఆడవాళ్లు, మోకాళ్ల మీద వంగి, కాళ్లకు బరువైన కడియాలు, చేతులు జోడించి ఉన్నారు. ఒకామె పక్కామె వైపు ఓరగా చూస్తోంది. పెదవి కొసన నవ్వు కూడా ఉంది. నా సగం పువ్వు అంచు వెంట పారే తామరతీగలో ఒకటి, అంతే. అట్లాంటివి వరసగా ఉన్నాయి.

"ముక్కులు! అందరికీ ముక్కులున్నాయి" అన్నాడు ఆఫీసరు.  తాను చూసిన రాళ్లలో ముఖాలు అరగనివి, పగలనివి చాలా తక్కువట. ఎందుకు అరగలేదో ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. అవ్వ వైపు తిరిగి చేతులు జోడించాడు.

పీట మీద ఎవరూ లేరేమని నేను అడిగాను. ఆ కాలంలో బుద్ధుణ్ణి మనిషిగా చెక్కేవారు కాదు, ఖాళీ పీటే ఆయన గుర్తు అని చెప్పాడు. అవ్వ కాసేపు చూసి, "పోయినోడికి పీట తీయకుండా పెట్టినారు. మంచోళ్లు" అంది.

ఆయన నేల మీద కూర్చుని సాయంత్రం దాకా గీశాడు. ఈలోపల నాయన గుంజలు మళ్లీ పాతి, దిబ్బ ఇటుకలు కొట్టి బిగించి, పడుగు దించి లాగి కట్టాడు. గుంత అంచున మట్టి తడిపి అణగ్గొట్టాడు. ఇక రాయి బోర్లించడమే మిగిలింది. నలుగురూ చేతులు వేశారు. అప్పుడు నాయన "ఆపండి" అన్నాడు.

"నేను కూచోలేనమ్మా. ముఖాలు చూసినా. ఇంక కిందికి పెట్టినా, పైకి పెట్టినా ఒకటే. కూచోలేను."

 ఆఫీసరు పెన్సిలు జేబులో పెట్టుకున్నాడు. ఆయన దుర్మార్గుడు కాదు, ఆ మాట ఎక్కడైనా చెబుతాను. కానీ చూసినాక ఆయన కూడా దాన్ని వదల్లేకపోయాడు.

"తీసుకుపోనన్నాను, నిజమే. కానీ మామ్మగారూ, ఇక దీనితో మీ మగ్గానికి పని లేదు గదా. రాయి లేచిపోయింది. అడ్డమన్నది ఏదీ లేదు. మీరు మాట ఇచ్చారు." నోటుబుక్కులో వేలిముద్ర ఉన్న పుట తీశాడు. వీధి చివర బండి దొరుకుతుందా అని ఎవరినో అడిగాడు.

అవ్వ నాయన వైపు చూసింది. నాయన నేల చూశాడు. అవ్వ ముఖంలో ఆ రెండేళ్లలో మొదటిసారి ఓటమి చూశాను. మాట తప్పడం ఆమెకు చేతకాదు, దాన్ని తిప్పడమే చేతనవును. ఇప్పుడు తిప్పడానికి దారి కనబడలేదు. కూర్చునేవాడే కూర్చోనంటే మగ్గం ఖాళీ అయినట్టేనేమో అని ఆమె అనుకుని ఉంటుంది. "మాట మాటే..." అని మొదలుపెట్టింది.

నాకు కోపం ఏడుపై వచ్చింది. నేనే తీయించాను. కచేరీ మెట్టు, ఏనుగు, చెప్పుల బురద, అన్నీ ఒక్కసారి కళ్లముందు తిరిగాయి. ఓరగా నవ్వే ఆ ఆడమనిషి ముఖం మీద ఎవడి కాలు పడుతుందో అనిపించింది. పరికిణీ మోకాళ్ల పైకి దోపుకుని, అంతమంది మగవాళ్ల ముందు, గుంతలోకి దిగాను. తడిమట్టి అంచు మీద కూర్చుని నాడె అందుకున్నాను.

"ఓమ్మే! లెయ్యి!" అని ఎవరో అరిచారు. నేను లేవలేదు.

"మగ్గం ఖాళీ కాల్యా సారూ. పడుగు నడుస్తాండాది, చూడు" అన్నాను. ఏ చెక్క తొక్కాలో తెలియక రెండూ తొక్కి, నాడె విసిరాను. అది పోగుల్లోంచి బయటికి ఎగిరి, పోయి ఆఫీసరు కాళ్ల దగ్గర పడింది.

నాయన లేచాడు. కొడతాడనుకుని కళ్లు మూసుకున్నాను. నాయన వంగి, నాడె తీసి, దుమ్ము తుడిచి, నా అరచేతిలో పెట్టాడు. "ముందు కుడికాలు తొక్కు. పోగులు విడిపోయినాక విసురు. తొందర పడాకు" అన్నాడు.

కుడికాలు తొక్కాను. విసిరాను. ఈసారి నాడె అవతలికి చేరింది.  నేను పది పోగులు వేసేదాకా ఆఫీసరు చూశాడు, పది పోగులూ వంకరే. తర్వాత నోటుబుక్కులోంచి వేలిముద్ర ఉన్న పుట చింపి, మడిచి, అవ్వ చేతికిచ్చి, చెప్పులు వేసుకున్నాడు. మళ్లీ రాలేదు.

ఆ రాయి మా వసారా గోడలో, ముఖం వీధి వైపుకు నిలబెట్టి ఉంది. ఎవరైనా చూడొచ్చు, ఎత్తుకుపోతామంటే మాత్రం ముందు నన్ను దాటాలి. ఆడపిల్ల గుంతలో దిగిందని వీధి పెద్దలు మమ్మల్ని ఆరు నెలలు పేరంటాలకు పిలవలేదు. పిలవకపోతే పోయారు, నాకు నేయడం వచ్చింది. నేను నాడె పట్టిన మర్నాడు పొద్దున నాయన బండ కొట్టేవాళ్ల దగ్గరికి పోయి ఒక నాపరాయి తెచ్చాడు. గుంత అంచున పరిచి, తాను కూర్చుని చూసుకుంటాడనుకున్నాను. నన్ను పిలిచి కూర్చోబెట్టాడు. నా కాళ్లు చెక్కలకు అందడం లేదని, నాలుగు వేళ్ల మట్టి తవ్వి రాయి కిందికి దించాడు.